సగం రంగు

ఆదాంకి గుండ్రటి వస్తువు కనిపిస్తే చాలు, చేతులు ఊరుకోవు. నీళ్ల డ్రమ్మయినా, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో గొట్టమైనా, జిన్నింగ్ మిల్లు చిమ్నీ అయినా చుట్టూ తాడు వేసి చూస్తాడు. తాడు పొడవుని ఎత్తుతో గుణిస్తే చుట్టుగోడ ఎంతుందో, దానికి ఎంత రంగు పడుతుందో తేలుతుంది. గుంటూరు మిరప పొలాల మధ్య ఊళ్లలో పెళ్లికి ముందునుంచీ అతనిది రంగుల పనే. చెయ్యి నెమ్మది, నోరు మాత్రం దుడుకు. ఆ నోటివల్ల పోగొట్టుకున్న పనులున్నాయి. అయినా దాన్ని కట్టేసుకుందామని ఏనాడూ అనుకోలేదు.

2002లో ఊరికి ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారు. దానికి ఒక పక్క రోడ్డూ, పెద్దల ఇళ్లూ. రెండో పక్క ఆదాం పుట్టిపెరిగిన మాలపల్లె. రంగు పని ఆదాంకీ, అతని జోడీ ఖాదర్ వలికీ వచ్చింది. తొట్టి చుట్టూ వేయడానికి ఎంత నీలం రంగు కావాలో ఆదాం కొలిచి, ప్రెసిడెంటు యలమందయ్యకు చెప్పాడు. వచ్చింది అందులో సగం.

"ఇది చాలదండి," అన్నాడు ఆదాం.

"ఎందుకు చాలదురా? ఎల్లుండి ప్రారంభోత్సవానికి ఆఫీసరు గారి జీపు రోడ్డు మీంచి వస్తది. రోడ్డు వైపు వెయ్యి. పల్లె వైపు సిమెంటు అట్టాగే ఉండనీ. అటు ఎవడు చూస్తాడు?"

"మేం చూస్తామండి."

యలమందయ్య విననట్టే వెళ్లిపోయాడు. ఆదాంకి ఒళ్లు మండిపోయింది. తన పల్లెవాళ్లకి కళ్లు లేవా? పొద్దున లేస్తే వాళ్లు చూడాల్సింది ఆ బోడి సిమెంటునా? డబ్బాలు విసిరికొట్టి ఇంటికి పోదామనిపించింది. కానీ తను పోతే ఇంకెవడో వచ్చి రోడ్డు వైపే వేసిపోతాడు. అందుకే తాళ్లకు కట్టిన పలక ఎక్కి, పైఅంచు నుంచి చుట్టూ వేయడం మొదలుపెట్టాడు.

"ఏంది ఆదాం, ఇట్టా చుట్టూ పోతే సగం ఎత్తుకే రంగు అయిపోద్దిగా?" అన్నాడు ఖాదర్ వలి.

"అవనీ. నిలువునా చీల్చి ఓ పక్క వేసినా, అడ్డంగా కోసి పై సగం వేసినా పట్టే రంగు ఒకటే. నిలువునా చీలిస్తే లోటు మా ఒక్కళ్లకే. అడ్డంగా కోస్తే ఊరందరికీ."

"మనల్ని తంతారయ్యా!" అంటూనే ఖాదర్ వలి నవ్వుతూ తాడు లాగాడు.

మర్నాటి పొద్దున్నకి ట్యాంకు, చొక్కా తొడుక్కుని పంచె మరిచిపోయిన మనిషిలా నిలబడింది. యలమందయ్య పరుగున వచ్చాడు.

"ఏందిరా ఈ ఘోరం! రేపు నా పరువేం కాను?"

"సగం రంగిచ్చారు, సగం ట్యాంకు వేశానండి."

"దిగరా! వేరేవాణ్ణి పిలిపిస్తా!"

"పిలవండి. రంగు లేకుండా వాడు మాత్రం ఏం వేస్తాడండి?"

యలమందయ్య ట్యాంకుకేసి చూశాడు, రోడ్డుకేసి చూశాడు. పళ్లు నూరుకుంటూ గుంటూరుకి స్కూటరు పంపించాడు. మధ్యాహ్నానికి మిగతా రంగు వచ్చింది.

"ముందు రోడ్డు వైపు కానివ్వరా," అని కిందనుంచి అరిచాడు యలమందయ్య.

ఆదాం తాళ్ల పలకను పల్లె వైపుకి జరిపించి, బ్రష్షు రంగులో ముంచాడు.

"చుట్టూ తిరిగి అటే వస్తానండి," అన్నాడు.