ధ్వజస్తంభం మానుకు కట్టిన గుడ్డ

పోయిన నెల కరీంనగర్‌లో మందుల షాపు నుంచి నడిచి వస్తున్నాను. చౌరస్తాలో సిగ్నల్ పడి ఆగిన బండ్ల మధ్య ఇనుప సలాకలు వేసుకున్న ట్రాలీ ఆటో ఒకటి కనబడింది. సలాకలు సగానికి సగం వెనక్కి వేలాడుతూ, ఇంజను అదురుకు కొసలు ఊగుతున్నాయి. కొసకు రంగు వెలిసిన సిమెంటు సంచి పేలిక ఒకటి కట్టి ఉంది. దాని వెనకాలే స్కూటీ మీద ఒక అమ్మాయి ఫోను చూసుకుంటూ ఆగి ఉంది, ఆ కొసలకు ఆమె ముఖానికి మధ్య జానెడు జాగా కూడా లేదు. నేను చేతికర్ర ఎత్తి ఆటోను పక్కకు తీయించి, ఎదుటి దుకాణంలో ఎర్ర జాకెట్ గుడ్డ కొనుక్కొచ్చి కొసకు ముడి వేస్తుంటే, ఆటో అతను దిగి నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"ఏంది తాతా, ట్రాఫిక్ పోలీసువా? గీ పక్క గల్లీకే పోయేది. నీకెందుకు గింత ఫికర్?"

చుట్టుపక్కల నలుగురు నవ్వారు. మా ఇంటి మనిషిని నడిబజారులో అలా నువ్వు అని పిలిచే ధైర్యం ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఎవరికీ ఉండేది కాదని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. కొన్ని అలవాట్లు మనిషి కట్టెతోనే కాలిపోవాలేమో. ఎందుకంత ఫికరో అతనికి చెప్పలేదు. ఎడ్ల కచ్చరాలు, కంకర రోడ్లు, టేకు దుంగలతో మూలుగుతూ పోయే లారీలు చూసిన నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే అర్థమవుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మాది చొప్పదండికి అవతల ఒక పల్లె. మా తాతగారి కాలంలో పన్నెండు ఊళ్ల మీద పెత్తనం మాది. అరవై తొమ్మిదిలో నేను కాలేజీలో చేరేనాటికి పెత్తనం పోయి పేరు మిగిలింది, ఆ తర్వాత కొన్నేళ్లకు సీలింగు చట్టం కింద భూములూ పోయాయి. మా కోటలాంటి ఇల్లు, గడి, దాని గోడలు ఒక్కో వానకు ఒక్కోటి కూలుతుంటే, మా నాన్న, బాపు, మిగిలిన చెలక భూమి అమ్మి పాత లారీని, దాని వెనక తగిలించే ట్రైలరును కొన్నారు. బోథ్ అడవుల దిక్కు నుంచి టేకు దుంగలు, వెదురు తెచ్చి కరీంనగర్ కోత మిషన్లకు వేసేవాళ్లం. మువ్వలు కట్టిన ఎడ్ల కచ్చరంలో తిరిగిన బాపు ఆ లారీ తిండి పదేళ్లు తిన్నారు కానీ, చనిపోయేదాకా ఒక్కసారి కూడా దాని మెట్టు మీద కాలు పెట్టలేదు.

ఆ లారీ నడిపింది, మా కచ్చరం తోలినాయన పెద్దకొడుకు. నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు. నేను అతన్ని నువ్వు అనేవాణ్ణి, అతను నన్ను మీరు అనేవాడు. అందులో వింత ఏమైనా ఉందని మా ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు. మితంగా మాట్లాడేవాడు, లారీ సంగతి వస్తే మాత్రం ఆగేవాడు కాదు. నిర్మల్ ఘాటు దిగేటప్పుడు, ముందు భాగం ఎడమకు తిరిగితే వెనక వేలాడే దుంగల కొసలు కుడికి ఊడ్చుకుంటూ పోతాయి. ఆ కొసల్ని అతను తోక అనేవాడు.

"తల జూసి తోలెటోడు సగం డ్రైవరే చిన్నదొరా. తోక యాదివెట్టుకొని తోలాలె. తల మనది. తోక ఎనుకొచ్చెటోని పానం."

పగలు తోకకు ఎర్రగుడ్డ, పొద్దు గూకితే ఎర్ర దీపం. ఆ రూలును పోలీసుల కోసం పాటించేవాళ్లను చాలామందిని చూశాను, వెనక వచ్చేవాడి కోసం పాటించినవాణ్ణి అతన్నొక్కణ్ణే చూశాను. దీపం ఉన్నా సరే, పొడుగు సరుకుతో చీకట్లో బండి కదిలించేవాడు కాడు. భార్య కట్టి విడిచిన ఎర్ర చీర కొంగును చింపి గుడ్డ చేసుకున్నాడు. దాని అంచుకు రెండు పచ్చ గీతలుండేవి. దుమ్ము పడితే ఎరుపు కంటికి ఆనదని ప్రతి రెండో ట్రిప్పుకు ఉతికించేవాడు. దాన్ని చూసి తోటి డ్రైవర్లు ఎగతాళి చేసేవారు, అతను పట్టించుకునేవాడు కాడు.

ఎనభైల్లో ఒక ఎండాకాలం గాలిదుమారానికి మా ఊరి గుడి ముందున్న ధ్వజస్తంభం విరిగి పడింది. లోపలంతా చెదలు తినేసింది. ఆ గుడికి ధ్వజస్తంభం మాను మా ఇంటి నుంచే రావాలన్నది ముత్తాత నాటి కట్టు. భూములు పోయాయి, గడి పోయింది, బోనాల రోజు మొదటి బోనం మా వాకిటి ముందు ఆగడం కూడా మానేసింది. ఊరికి మేము ఇవ్వగలిగిందీ, ఊరు మమ్మల్ని నోరు తెరిచి అడిగిందీ ఆ ఒక్క మానే మిగిలింది. బాపు నన్ను పిలిచి, ముత్తాత పెట్టిన మాను ఇరవై ఏడు మూరలు, ఒక్క మూర తగ్గడానికి వీల్లేదు అన్నారు.

బోథ్ అవతలి డిపోలో అలాంటి టేకు మాను దొరికింది. కొలిచి లారీకి ఎత్తించాక డ్రైవరు వెనక్కి వెళ్లి తోకను చాలాసేపు చూశాడు.

"మూడు మూరలు కోపిద్దాం దొరా. రూలుకు మించి ఎల్లింది. దేవునికి మూడు మూరలు తక్కువైతె కోపమొస్తదా?"

డిపో గుమాస్తా కూడా అదే మాట అన్నాడు. నేను ససేమిరా అన్నాను. ముత్తాత కొలతకు మునిమనవడి కొలత తగ్గిందని ఊళ్లో ఒక్కడు నవ్వినా ఆ గుడి మెట్లు ఎక్కలేనని నా బాధ. డ్రైవరు మెల్లగా పోదాం అన్నాడు, అన్నట్టే ఘాటులో ప్రతి మలుపు దగ్గరా దిగి, తోక ఎక్కడిదాకా తిరుగుతుందో నడిచి చూసి, మళ్లీ ఎక్కి నడిపాడు. నిర్మల్ దాటి, సోన్ వంతెన మీద గోదావరి దాటి, జగిత్యాల చేరేసరికి పొద్దు గూకడానికి ఇంకా గడియ ఉంది. ఊరు ఇంకెంతో దూరం లేదు, పోదామంటే వినకుండా అక్కడే ఆపేశాడు.

తెల్లవారి ఊరి నుంచి పెద్దమనుషులు ఇద్దరు పూజ సామాను పట్టుకుని ఎదురొచ్చారు. అప్పటికే దారిలో మాను ఏ పల్లె మీదుగా పోయినా ఆడవాళ్లు ఎదురొచ్చి బిందెలతో దాని ముందు నీళ్లు ఆరబోయడం, బొట్లు పెట్టడం మొదలైంది. వచ్చిన వాళ్లలో ఒకాయన మాను చుట్టూ తిరిగి కొస దగ్గర ఆగి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఇదేందయ్యా? దేవుని మానుకు ఎవరో కట్టి ఇడిసిన చీర పేలిక గట్టిండ్రా? మీ తాత ఉంటె ఊకుంటుండెనా?"

డ్రైవరు అప్పుడు మేము రాత్రి ఆగిన హోటలు వెనక బావి దగ్గర స్నానం చేస్తున్నాడు. ఆ గుడ్డ ఎవరిదో నాకు తెలుసు. మా కచ్చరం తోలినాయన కోడలి చీర ముక్క, మా ఇంటి పేరుతో పోతున్న దేవుడి మాను మీద. విప్పేశాను. కొత్త గుడ్డ పసుపు నీళ్లలో ముంచి, మామిడాకులతో కలిపి, నా చేతులతోనే కొసకు కట్టాను. ఎర్రది మడిచి నా భుజం సంచిలో పెట్టాను. డ్రైవరు తడి తలతో వచ్చి చూసి నిలబడిపోయాడు.

"పసుపుది ఉండనియ్యుండ్రి. ఎర్రది సుత కడుదాం. రెండు ఉంటె తప్పేంది దొరా?"

"దేవుని మాను. ఇంకెంత దూరం? పోనియ్" అన్నాను.

నా మాట అతను అంతకుముందు ఎన్నడూ కాదనలేదు. ఆ రోజూ కాదనలేదు.

గంగాధర దగ్గరకొచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది, కానీ ఇంకా ఎదురుగానే ఉంది. రోడ్డు పక్క పల్లెలో డప్పులు కొడుతూ జనం రోడ్డు మీదికి వచ్చారు. ఆపమన్నాను. డ్రైవరు చెయ్యి బయటికి చాచి ఊపుతూ మెల్లగా ఆపాడు. వెనక మా దుమ్ములో, కళ్లలో ఎండ కొడుతుండగా, ముందు తువ్వాళ్ల కట్టలు పెట్టుకుని మోపెడ్ మీద వస్తున్న నేతపనివాడికి ఆ మాను కొస కనబడలేదు. ఆ ఎండలో పసుపు గుడ్డ, టేకు రంగు, దుమ్ము అంతా ఒకటే రంగు. డప్పుల చప్పుడులో మేము ఏమీ వినలేదు. వెనక దిక్కు నుంచి డప్పులు ఒక్కొక్కటే ఆగుతూ రావడం మాత్రం విన్నాను, చివరిది మా పక్కకు వచ్చి ఆగేదాకా ఏమైందో తెలియలేదు.

అతను దవాఖానా చేరలేదు. మగ్గం మీద నేసిన కొత్త తువ్వాళ్లు విప్పుకుపోయి రోడ్డంతా పరుచుకున్నాయి. వాటి మీద కాలు పడకుండా జనం పక్క నుంచి నడవడం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ఎస్సై వచ్చి కొస చూసి, డ్రైవరు రొమ్ము మీద లాఠీ ఆనించాడు.

"ఎర్రగుడ్డ ఏదిరా?"

డ్రైవరు నా వైపు చూశాడు. ఒక్కసారే. నా సంచి నా భుజానికే ఉంది. నోరు తెరిస్తే రెండు మాటలు. చుట్టూ వందమంది, ఊరి పెద్దలు, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు. వాళ్ల ముందు గడి వారసుడు ఒక ఎస్సైకి తప్పు ఒప్పుకుని నిలబడడమా అని నా నాలుక లోపలే ఆగింది. నా చూపు కిందికి దిగింది. అప్పుడు అతను అన్నాడు:

"యాదిమరిచిన సార్."

జన్మలో ఏదీ మరవని మనిషి ఆ మాట అన్నాడు. అదే మాట స్టేషన్లో రాసుకున్నారు, అదే మాట మీద కోర్టులో శిక్ష పడింది, లైసెన్సు పోయింది. బాపు నేతపనివాడి ఇంటికి బియ్యం బస్తాలు పంపితే వాళ్లు వాకిట్లోంచే తిప్పి పంపారు. లారీ అమ్మేశాం. మాను కొస నెత్తురంటి చీలింది కాబట్టి, పూజారి లెక్క చూసి ఇరవై నాలుగు మూరలూ శుభమే అన్నాడు. వడ్లాయన ఆ మూడు మూరలూ రంపంతో కోస్తుంటే నేను దగ్గర నిలబడి చూశాను.

జైలు నుంచి వచ్చాక డ్రైవరు కోత మిషన్లో దుంగలు దొర్లించే కూలికి పోయాడు. ఊళ్లో అతనికి యాదిమరుపు డ్రైవరని పేరు పెట్టారు. చెప్పుదామని రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లాను. వెళ్లిన రెండుసార్లూ అతను అరుగు దిగి నిలబడ్డాడు, నేను వానల గురించి మాట్లాడి వచ్చేశాను. అతను కూర్చుని ఉంటే చెప్పగలిగేవాణ్ణేమో అని నన్ను నేను సమాధానపరచుకునేవాణ్ణి, అది అబద్ధమని నాకు తెలుసు.

తొంభైల చివర్లో అతను పోయిన సంగతి ఆలస్యంగా తెలిసి, పదకొండో రోజు వెళ్లాను. అతని భార్య నాకు కుర్చీ వేయించి తాను గడప దగ్గర కూర్చుంది. కోడలు చాయ్ తెచ్చింది. పెద్దామె తనలో తను అనుకున్నట్టు అంటోంది.

"మంచిగనే ఉండె. గా ఒక్కనాడు యాదిమరిచి బతుకంత ఆగం జేసుకునె. ఎట్ల మరిచినవయ్య అని ఎన్నిసార్లు అడిగిననో. ఒక్కనాడు జవాబు చెప్పలే."

భార్యకు కూడా చెప్పలేదు. పదేళ్లకు పైగా ఆమె పక్కనే బతికి, ఆమె నోటి వెంట కూడా ఆ మాట పడ్డాడు. నేను కుర్చీలోంచి లేచాను. ఇన్నేళ్లూ దాచిన ఎర్రగుడ్డను సంచిలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె అంచును వేళ్లతో తడిమి, రెండు పచ్చ గీతల దగ్గర ఆగింది.

"గిది నా చీర కొంగే గద. మీ దగ్గరెట్లున్నది?"

"ఆయన మరువలేదు. కట్టిండు. జగిత్యాలల నేనే విప్పిన. ఆయన మళ్ల కడుదామన్నడు, నేనే వద్దన్న" అన్నాను. ఆ ఇంట్లో అతన్ని ఆయన అనడం అదే మొదటిసారి.

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె గుడ్డను ముఖానికి అద్దుకుని, లోపలి వైపు తిరిగి కేక వేసింది.

"ఓ పిల్లా, ఇన్నవా? మీ మామ మరువలేదట."

ఇప్పుడు ఆ రోడ్డు వెడల్పయింది. పొడుగు సరుకు మోసే పెద్ద ట్రైలర్లకు వెనకంతా మెరిసే పట్టీలు, మిణుకుమిణుకుమనే దీపాలు ఉంటున్నాయి. కట్టి విడిచిన చీర కొంగుల అవసరం వాటికి లేదు. నన్ను దొరా అనేవాళ్లు లేరు, ఉండవలసిన అవసరమూ కనబడదు. మా ఊరి ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు వేయించారు. అది ముత్తాత కొలతకు మూడు మూరలు తక్కువని కింద నిలబడి చూసే ఏ ఒక్కరికీ తెలియదు. ఎవరూ నవ్వలేదు. ఆనాడు డిపోలోనే ఆ మూడు మూరలు కోయించినా ఎవరూ నవ్వి ఉండేవాళ్లు కారు.