మాట పడిపోయిన పెద్దమ్మ దగ్గరికి

శుక్రవారం ఉదయం ఆరుంబావుకు తిరుపతి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కాను. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. ఆ రోజుకు సెలవు పెట్టాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. పూతలపట్టులో దిగి, అక్కడి నుంచి ఆటోలో మా పెద్దమ్మ మార్తమ్మ ఊరికి వెళ్లాలి. మూడేళ్లుగా నేను తొక్కని దారి అది.

కారణం చెబుతాను. మూడేళ్ల కిందట నా భర్త కాలేయం చెడి చనిపోయాడు. ఆయన ఆసుపత్రిలో ఉన్న పదకొండు వారాలూ నేను ఒంటిపూట తిని ప్రార్థన చేశాను. ప్రార్థన నాకు నేర్పిందే పెద్దమ్మ. అమ్మ లేని నన్ను పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా పలికించింది. ఆమె నోరు తెరిస్తే అరగంట ఆగకుండా ప్రార్థించేది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా ఆమెను పిలుచుకుపోయేవాళ్లు. అలాంటి మనిషి, సమాధి చేసిన మూడో రోజున ఇంటినిండా జనం ఉండగా నాతో అంది: “నీ ప్రార్థనలో సందేహం ఉండాది ఎస్తేరమ్మా. అందుకే దేవుడు ఇన్లేదు.”

ఆ రోజు నుంచి నేను ఆమెతో మాట్లాడలేదు. దేవుడితో కూడా మాట్లాడలేదు. ఆదివారం చర్చికి వెళ్లి వెనక వరసలో కూర్చునేదాన్ని. అందరూ కళ్లు మూసుకునే వేళ నేను గోడ గడియారం చూసేదాన్ని.

మొన్న సోమవారం పెద్దమ్మ కోడలు కరుణ ఫోన్ చేసింది. “వదినా, అత్తకు పక్షవాతం వచ్చి మాట పడిపోయి ఏడు నెల్లాయ. ఎడం సేత్తో పలక మీద నీ పేరే రాస్తా ఉండాది. ఒక తూరి వచ్చిపో వదినా.”

ప్రేమతో బయలుదేరానని చెప్పను. అంత ప్రార్థనాపరురాలి మాట దేవుడు విన్నాడో లేదో చూడాలన్న కసి నాలో ఉంది.

బస్సులో నా పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుంది. గుండు మీద గంధం ఇంకా ఆరలేదు. తమిళనాడు సరిహద్దు దగ్గరి ఊరట. “మనవడికి గుండె ఆపరేషన్ సేసినారు. బాగైపోయినాడు. మొక్కు తీర్చుకోని వస్తా ఉండా. నువ్వు యాడికమ్మా?” అని అడిగింది. పెద్దమ్మకు బాగాలేదని చెప్పాను. “దేవుడికి దండం పెట్టుకో. సరిపోతాది,” అంది. నేను కిటికీ వైపు తిరిగాను. చంద్రగిరి దాటాక రోడ్డుకు రెండు వైపులా మామిడి తోటలు మొదలయ్యాయి.

ఏడూ నలభైకి పూతలపట్టు కూడలిలో దిగాను. బండి దగ్గర నాలుగు ఇడ్లీలు తిని, షేర్ ఆటో ఎక్కాను. ఎనిమిది మంది నిండితే గానీ కదలదు. ఎనిమిదిన్నరకు పెద్దమ్మ వాకిట్లో ఉన్నాను.

ఆమె ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. మూతి ఒక పక్కకు లాగింది. నన్ను చూసి, “నాయనా,” అంది. మళ్లీ, “నాయనా, నాయనా.”

“ఆ ఒక్క మాటే మిగిలింది వదినా,” అంది కరుణ. “నీళ్లు కావాలన్నా నాయనా, కాలు నొప్పన్నా నాయనా. ప్రార్థనా అంతే.”

కరుణ రాగి జావ కాచడానికి లోపలికి పోయింది. కరుణ భర్త, మా తమ్ముడు, పాల వ్యానుతో తెల్లవారకముందే వెళ్లిపోయాడట. మేమిద్దరమే మిగిలాం. దారి పొడవునా నాలో నలిగిన ప్రశ్న బయటికి వచ్చేసింది.

“పెద్దమ్మా, పోయిన మాట తిరిగి ఇమ్మని ఏడు నెలలుగా దేవుణ్ణి అడుగుతూనే ఉంటావు కదా. నీ ప్రార్థనలో కూడా సందేహం ఉందా?”

అడిగిన వెంటనే నా నోరు నేనే నొక్కుకోవాలనిపించింది. ఆమె కళ్లు మూసుకుంది. తర్వాత పలక తీసి మోకాలి మీద పెట్టుకుంది. ఎడమ చేత్తో రాయడానికి చాలాసేపు పట్టింది. బలపం రెండుసార్లు జారిపడితే తీసి ఇచ్చాను. అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి గానీ చదవగలిగాను. “ఆ మాట తప్పు.” మూడేళ్ల కిందట నాతో అన్న మాట గురించే.

దాన్ని అరచేత్తో తుడిచి మళ్లీ రాసింది. “నాకు తెలీదు.”

మా ఆయన ఎందుకు బతకలేదో తెలియదని అర్థం. మూడేళ్లలో ఎందరో పెద్దలు నాకు ఎన్నో కారణాలు చెప్పారు. తెలియదని చెప్పినది ఈమె ఒక్కతే. నాకు ఊరటేమీ కలగలేదు. సిగ్గేసింది. ఆమె గడ్డం మీదికి కారిన చొంగను తువ్వాలుతో తుడిచాను.

పదిన్నరకు చర్చిలో ఉపవాస ప్రార్థన. కరుణా నేనూ చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. నూరడుగుల దూరానికి పావుగంట పట్టింది. రేకుల కప్పు, చాపలు, ఇరవై మంది దాకా ఆడవాళ్లు. పాటలయ్యాక పాస్టరుగారు చిన్న వాక్యం చెప్పి, “అక్కా, మీరు టీచరు కదా, ప్రార్థన చేయండి,” అన్నారు. “నాకు రాదండి,” అన్నాను. ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆయనే ప్రార్థించారు.

ఆ తర్వాత జరిగింది నేనెప్పుడూ చూడలేదు. ఒక్కొక్కరే లేచి, గోడకు ఆనుకుని కుర్చీలో ఉన్న పెద్దమ్మ ముందు కూర్చున్నారు. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని తమ సంగతి మెల్లగా చెప్పుకున్నారు. ఆమె విని, పైకి చూసి, “నాయనా,” అంటుంది. అంతే. మరొకరు వస్తారు.

పక్కన కూర్చున్న సుజాత అనే ఆమెను అడిగాను, పెద్దమ్మ వీళ్లకు ఏం చేస్తుందని. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కూలిపని చేసే మనిషి ఆమె.

“ఏమీ సేయదక్కా. ఇంటాది. ముందైతే మేం నోరు తెరవకముందే మా కష్టమంతా ఆమే దేవునికి సెప్పేసేది. మేం ఆమెన్ అని ఇంటికి పోతాంటిమి. ఇప్పుడు ఎవురిది వాళ్లు సెప్పుకోవాల్సిందే. సెప్పను నేర్చుకుంటా ఉండాం,” అంది.

చివరికి నేనూ లేచి వెళ్లాను. ఎందుకు లేచానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆమె చెయ్యి పట్టుకుని, ఎవరికీ చెప్పనిది చెప్పాను. మా ఆయన ప్రాణం పోయేటప్పుడు నేను పక్కన లేను. ఆయన బతకాలని ప్రార్థించడానికి చర్చికి వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి ముఖం మీద దుప్పటి కప్పేశారు. ఎస్తేరు ఏదని రెండుసార్లు అడిగాడట.

పెద్దమ్మ వేళ్లు బిగుసుకున్నాయి. ఆమె కళ్ల నీళ్లు నా మణికట్టు మీద పడ్డాయి. “నాయనా,” అంది. అది నాతో అన్న మాట కాదు. నన్ను చేతిలో పట్టుకుని, ఇంకెవరినో పిలిచింది. చిన్నప్పుడు నాకు నేర్పిన పొడవైన ప్రార్థనల్లో తండ్రీ, ప్రభువా, సర్వోన్నతుడా అని ఎన్నో పిలుపులు ఉండేవి. ఇంట్లో కన్నతండ్రిని పిలిచే పిలుపుతో ఆమె దేవుణ్ణి పిలవడం అంతకుముందు నేను వినలేదు.

ఒంటిగంటకు ఉపవాసం ముగిసింది. చర్చి వరండాలోనే సంగటి, పప్పు, చారు వడ్డించారు. నేనే పెద్దమ్మకు తినిపించాను. ఆమె మెల్లగా, పూర్తిగా తింది. బయలుదేరే ముందు కాళ్లకు నమస్కరించబోతే, ఆమె నా తల మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. రెండూ ముప్పావుకు ఆటో వచ్చింది.

ఆ ఊరికి వెళ్లాలనుకునేవాళ్లు శుక్రవారం పదింటికల్లా చేరుకోవాలి. ఆదివారం జనం ఎక్కువ, ఆమె అలసిపోతుంది. స్వస్థత కోసమో అద్భుతం కోసమో అయితే వెళ్లవద్దు. ఆమెకే ఇంకా కుడిచెయ్యి లేవలేదు. ప్రార్థన అంటే గట్టిగా అడిగితే దొరికేది అని నేను అనుకున్నాను, దొరక్కపోయేసరికి మానేశాను. ఉన్నదంతా దాచుకోకుండా ఒకరి ముందు పెట్టడం కూడా ప్రార్థనేనని అక్కడి ఆడవాళ్లను చూశాక తెలిసింది.

మూడున్నరకు పూతలపట్టులో తిరుపతి బస్సు దొరికింది. కిటికీ పక్కనే సీటు. ఎండ మొహం మీద పడుతోంది. పనపాకం దాటాక, కళ్లు తెరుచుకునే, పెదవులు కదపకుండా దేవుడితో మాట్లాడడం మొదలుపెట్టాను. నీ మీద కోపం పోలేదు అన్నాను. ఆ రోజు నన్ను ఆయన దగ్గర ఉండనివ్వాల్సింది అన్నాను. ఆయన ఆసుపత్రిలో కూడా బడి పిల్లల పేర్లు అడిగేవాడని, ఇంటికి వెళితే ఇప్పటికీ రెండు కప్పులు బయటికి తీస్తున్నానని చెప్పాను. ఏదీ అడగలేదు.

అయిదుంబావుకు బస్సు తిరుపతి చేరింది. అందరూ దిగుతుంటే నేనూ లేచాను. ఆమెన్ అనలేదు. చెప్పవలసింది ఇంకా ఉంది.