బుల్లియ్య చెవిలో గుర్రాలు

ఎస్తేరు రాణి రంగూన్‌లో చిమిండైంగ్ బజారు పక్కన టీకొట్లో పనికి కుదిరింది జీతం కోసం కాదు, ఒక మనిషిని నాశనం చెయ్యడానికి. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పాపం, ఆడమనిషి, పొట్టకూటికి వచ్చిందని జాలిపడ్డవాళ్ళు చాలామందే ఉన్నారు. పడనీ. ఆ జాలి ఆమెకు బాగా పనికొచ్చింది.

ఆ మనిషి పేరు బుల్లియ్య. టీకొట్టు అతనిదే, దాని మేడ మీది గదీ అతనిదే. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆ గదిలోని పెద్ద టీవీలో హైదరాబాదు గుర్రపు పందేలు వచ్చేవి. గుర్రాలు కదలకముందు డబ్బు కాయడం ఎక్కడైనా ఉన్నదే. బుల్లియ్య దగ్గర అవి పరుగెత్తుతుండగా కూడా కాయొచ్చు. ముందున్న గుర్రానికి ఒకటికి ఒకటిన్నర ఇస్తానంటాడు, వెనక ఈడ్చుకుంటూ వస్తున్నదానికి ఒకటికి ఇరవై. ఇది వస్తుంది, ఇది రాదు అని కళ్ళారా చూసి తేల్చుకోవచ్చు. కన్ను చురుకైనవాడికి అంతకన్నా సుఖమైన సంపాదన లేదనిపిస్తుంది. అలా అనిపించడమే బుల్లియ్యకు కావాలి.

ఎస్తేరు రాణి భర్త ఫిలిప్‌ది చురుకైన కన్నే. తెలుగువాడు కాదు, బర్మాలోని కరెన్ జాతి మనిషి. బోటాటౌంగ్ రేవులో పదహారేళ్ళు క్రేను నడిపాడు. గాలిలో ఊగే సరుకు ఎప్పుడు నిలకడకొస్తుందో చూపుతోనే చెప్పగలడు. అలిసిపోయే గుర్రాన్ని కూడా అలాగే పోల్చగలననుకున్నాడు, పోల్చేవాడు కూడా. మొదట్లో రెండుసార్లు వెనకున్న గుర్రం మీద కాసి గెలిచి, పెళ్ళానికి బర్మా ఆడవాళ్ళు కట్టే పట్టు లుంగీ కొన్నాడు. ఆ తర్వాత మాత్రం గెలవబోయే గుర్రం పేరు అతని నోట్లోంచి వచ్చేసరికి బుల్లియ్య చెయ్యెత్తి "మూసేశాను" అనేవాడు. ఓడిపోయే గుర్రం పేరైతే నవ్వుతూ రాసుకునేవాడు. వెర్రిబాగులవాడు ఫిలిప్ తన తలరాతని తిట్టుకున్నాడే తప్ప ఎదుటి మనిషిని అనుమానించలేదు.

చివరికి రిపేరని చెప్పి, ఏటి అవతల తన్లిన్ ఊళ్ళో వాళ్ళ చిన్న తెలుగు చర్చి హార్మోనియం పట్టుకెళ్ళి తాకట్టు పెట్టాడు. అది ఎస్తేరు రాణి తాతల నాటిది. విషయం బయటపడ్డ ఆదివారం పాస్టరు దేవసహాయంగారు ఆరాధన మధ్యలో సభ్యుల పుస్తకం తెరిచి, ఫిలిప్ పేరు అందరికీ వినబడేలా చదివి, దాని మీద గీత కొట్టారు. ఫిలిప్ ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లోంచి బయటికి రాలేదు. రేవులో పనీ పోయింది. ఆ పేరు మళ్ళీ పుస్తకంలోకి ఎక్కాలి, అది కొట్టేయించినవాడు పదిమందిలో తలదించుకు నిలబడాలి. ఎస్తేరు రాణికి ఇక వేరే కోరికంటూ మిగల్లేదు.

మొదట ఆమె ఆలోచన చాలా సులువైనది. ఎలకల మందు పొట్లం జాకెట్లో దోపుకుని నాలుగు రోజులు మేడమీదకి టీ మోసింది. టీలో కలపలేదు గానీ, అది భయపడి కాదు. మందు తాగి చస్తే ఊరంతా "అయ్యో బుల్లియ్యా" అంటుంది. ఆ "అయ్యో" అతనికి దక్కడం ఆమెకిష్టం లేదు.

పనిలో చేరిన రోజే బుల్లియ్య ఆమె మొహం పరకాయించి చూసి తెలుగులో అడిగాడు. "ఏటే, మనోల పిల్లవేటి? తెలుగొచ్చా?"

"నా మలేబూ," అంది ఆమె బర్మాభాషలో. అర్థం కాలేదని.

అతను నమ్మేశాడు. నమ్మడా మరి? రంగూన్ తెలుగిళ్ళల్లో పిల్లలందరూ అంతేగా. పెద్దవాళ్ళు తెలుగులో అడుగుతారు, పిల్లలు బర్మాలో జవాబు చెబుతారు. ఆ జవాబులు వినీ వినీ పెద్దవాళ్ళు, వీళ్ళకి మన మాట పోయిందిరా దేవుడా అని బెంగ పెట్టుకుంటారు. ఎస్తేరు రాణి కూడా నాయనమ్మ వెంకటరత్నమ్మకి జీవితంలో ఒక్క జవాబు తెలుగులో చెప్పలేదు. కానీ ఆ ముసలమ్మ తిట్టిన తిట్టల్లా ఆమెకు అర్థమయ్యేది. నోటికి రాలేదు గానీ చెవికి అంతా వచ్చు.

అయిదో రోజు పందెం నడుస్తుండగా ఆమె అతని పక్కనే నిలబడి టీ పోస్తోంది. బుల్లియ్య చెవిలో ఎప్పుడూ ఒక చిన్న ఇయర్‌ఫోన్ ఉండేది. దాని మైకులోకి మెల్లగా అన్నాడు: "ఏటీ, రెండు ఎనకబడిపోనాదా? సరే." టీవీలో రెండో నంబరు దర్జాగా అందరికన్నా ముందు పోతోంది. గదిలో వాళ్ళు దాని మీద కాస్తామని అరుస్తుంటే రాసుకున్నాడు. ఎస్తేరు రాణి ఊరికే మనసులో అంకెలు లెక్కపెట్టింది. లెక్క ఆరు దగ్గరికి వచ్చేసరికి టీవీలో రెండో నంబరు తగ్గడం మొదలెట్టింది.

అప్పుడర్థమైంది ఆమెకి. బొమ్మ హైదరాబాదు నుంచి ఇక్కడికి చేరేసరికి ఆలస్యమవుతోంది. ఫోనులో మాట దానికి ముందే వచ్చేస్తోంది. బుల్లియ్య అల్లుడు ఆంజనేయప్రసాద్ అక్కడ మైదానంలోనే నిలబడి చూసింది చూసినట్టు చెబుతున్నాడు. గదిలో జనం డబ్బు కాస్తున్నది అప్పటికే అయిపోయిన పరుగు మీద! ఫిలిప్ కన్ను ఎంత చురుకైనదైతే ఏం లాభం? ఆమెకు ఏడుపొచ్చింది, వెంటనే ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం ఎలకల మందు పొట్లం కాలవలో పారేసింది.

పెద్ద కప్పు పందెం రోజు వచ్చింది. గది కిక్కిరిసింది. కరెంటు లేదు, జనరేటరు హోరెత్తుతోంది. ఎస్తేరు రాణి టీ గ్లాసు అందిస్తూ బుల్లియ్య చెయ్యి తగిలేలా వంగింది. టీ అతని బల్ల మీదంతా పోయింది. పందెం ఇంకా మొదలవలేదని తీసి పక్కన పెట్టుకున్న ఇయర్‌ఫోన్ అందులో నానిపోయింది. అతను బూతులు తిట్టి, ఫోనునే చెవికి పెట్టుకుని, హోరులో వినబడక సౌండు పూర్తిగా పెంచాడు. ఆమె గుడ్డ తెచ్చి అతని భుజం పక్కనే నిలబడి బల్ల తుడవసాగింది. అర్థం కాని మనిషి దగ్గర దాపరికమేమిటని అతను తల కూడా తిప్పలేదు.

టీవీలో నాలుగో నంబరు రెండు గుర్రాల దూరం ముందుంది. "నాలుగు! నాలుగు!" అని గది అరుస్తోంది. బుల్లియ్య రాసుకుంటున్నాడు. ఫోనులో అల్లుడి గొంతు వినబడింది: "మావా, నాలుగు పనైపోనాది. కొరడా పెట్టి బాదతన్నాడు, ఐనా రాదు. తొమ్మిది ఒచ్చేస్తంది, బైట నుండి. బేగి మూసీ!"

ఎస్తేరు రాణి గుడ్డ బల్ల మీద పడేసి, గదంతా వినబడేలా బర్మాలో అంది: "నాలుగో నంబరు వాడు కొరడా తీస్తాడు చూడండి. గుర్రం కదలదు. తొమ్మిది బయటి వైపు నుంచి వచ్చి గెలుస్తుంది."

ఎవడో నవ్వాడు. నవ్వు పూర్తి కాకుండానే టీవీలో జాకీ కొరడా తీశాడు. నాలుగో నంబరు కదల్లేదు. బయటి వైపు నుంచి తొమ్మిది దూసుకొచ్చింది. అందరూ టీవీని వదిలేసి ఆమె వంక చూశారు. తర్వాత ఆమె వేలెత్తి చూపించిన ఫోను వంక చూశారు.

"నీకు తెలుగొచ్చేటే!" అన్నాడు బుల్లియ్య. మొహం పాలిపోయింది.

ఎస్తేరు రాణి తెలుగు మాటలు ఒక్కొక్కటే కూడదీసుకుంది. "నాను... ఫిలిప్ పెళ్ళాన్ని."

ఆపైన జరిగింది చూడడానికి ఆమెకి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కుర్చీలు లేచాయి. టీవీ కిందపడింది. బుల్లియ్య చొక్కా రెండు ముక్కలైంది. ఆమె వాళ్ళని ఆగమని, అతన్ని బల్ల ఎక్కించి, ఎవరెవర్ని మోసం చేశాడో పేరుపేరునా చెప్పించింది. ముందు ఫిలిప్ పేరు. సరిగ్గా వినబడలేదని గట్టిగా మళ్ళీ చెప్పమంది. బుల్లియ్య ఏడుస్తూ మూడుసార్లు చెప్పాడు. ఆమె నాలుగోసారి కూడా చెప్పించింది.

తన్లిన్ బస్సులో కూర్చున్నంతసేపూ ఆమెకి నవ్వాగలేదు. ఇంటికొచ్చి, చాపమీద గోడవైపు తిరిగి పడుకున్న ఫిలిప్‌ని లేపి, బర్మాలో మొత్తం చెప్పింది. తప్పు నీది కాదు, నీ కన్నుదీ కాదు అని చెప్పింది. అతను లేచి కూర్చున్నాడు. చాన్నాళ్ళకి అతని కళ్ళు వెలిగాయి.

"ఆరు సెకన్లు ముందు నీకు తెలిసేదా?"

"ఊఁ."

"మరి ఎవరికీ చెప్పకుండా నాకొక్కడికే సైగ చెయ్యాల్సింది. ఎంత గెలిచేవాళ్ళం! అంతా పాడుచేశావు గదే!"

ఆమెకి బుల్లియ్య మీద కూడా అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆదివారం చర్చికి ఒక్కతే వెళ్ళింది. ఆరాధన అయ్యాక దేవసహాయంగారే ఎదురొచ్చారు, చంకలో సభ్యుల పుస్తకంతో.

"ఎస్తేరమ్మా, ఆ బుల్లియ్య అందరి ముందరా ఒప్పుకున్నాడంట గదా. ఫిలిప్ పేరు మళ్ళీ రాసేద్దుమా?"

"వద్దండి," అంది ఎస్తేరు రాణి బర్మాలో. "కొట్టేసింది కొట్టేసినట్టే ఉండనివ్వండి."