సీతాలు ముట్టని చేపలతొట్టి

ఆ ఇంట్లో సీతాలు ఏదైనా ముట్టుకోవచ్చు. ఎంగిలి కంచాలు, విడిచిన గుడ్డలు, దొడ్లో పేడకళ్ళు, దేనికీ అడ్డులేదు. హాల్లో ఉన్న చేపలతొట్టి దగ్గరికి మాత్రం పోకూడదు. "నీ చెయ్యి పడిందంటే అవి పులుసులోకేనే!" అని పనిలో చేరిన రోజే ఇంటావిడ గౌరీశ్వరి నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పినా అది హుకుమే. పుట్టిన దగ్గర్నుంచీ చేపల మధ్య బతికిన మనిషి, అద్దాలపెట్టెలో ఈదే నాలుగు ఎర్రచేపలకి అంటరానిదైపోయింది. సీతాలు కూడా నవ్వి ఊరుకుంది.

అలా ఊరుకోవడం ఆమెకి అలవాటే. చేపలగంప మోసి మోసి మెడ పట్టేశాక మల్కాపురంలో ఇళ్ళపనికి కుదిరింది. మొగుడు దాలయ్య బోటెక్కితే ఎప్పుడు దిగుతాడో, ఏం తెస్తాడో సముద్రానికే తెలియాలి. గౌరీశ్వరి ఇల్లు, ఎదురుగా తాయారు ఇల్లు. ఈ రెండిళ్ళ మీదే ఆమె పొయ్యి వెలిగేది. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా లేస్తూ ఉన్న రోజులవి.

ఒక పొద్దున తొట్టి కింద గచ్చు తడిసి ఉంది. గౌరీశ్వరి కాలు జారబోయి నిలదొక్కుకుంది.

"ఏటే ఈ నీళ్ళు?"

"నాను ఇంకా తడిగుడ్డ ఎట్టనేదమ్మా."

"ఎట్టకపోతే ఇవెక్కడివి? చీపురుతో కొట్టేసుంటావు. లేపోతే అద్దాలకి చిల్లు దానంతటదే పడతాదేటి?"

అక్కడితో ఆగితే బాగుండును. గౌరీశ్వరి వీధిమెట్ల మీదికొచ్చి, బట్టలారేస్తున్న తాయారుకి వినబడేలా అరిచింది. "చూశావా తాయారూ, వద్దన్న చోటికే వెళ్ళి తొట్టి పాడుచేసింది మా మహాతల్లి!"

ఆ మధ్యాహ్నమే తాయారు గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "మా చెల్లెలొచ్చింది సీతాలూ, పని అదే చేసుకుంటాదిలే. మళ్ళీ కబురు చేస్తాను." ఇంట్లో చెల్లెలి అలికిడే లేదు. అద్దాలబీరువాలో పింగాణీ కప్పులు మాత్రం ఉన్నాయి. సీతాలుకి అర్థమైంది. రేపు ఈ మాట మూడో ఇంటికి, ఎల్లుండి నాలుగో ఇంటికి. కాలనీలో మాట నడవడానికి కాళ్ళక్కర్లేదు.

అప్పట్నుంచి ఆమె ఊడుస్తుంటే గౌరీశ్వరి కత్తిపీట హాల్లోకే తెచ్చుకుని కూరలు తరిగేది. చూపు వంకాయ మీద కాదు, చీపురు మీద. ఇంటాయన గురునాథరావు తీరు మరీ వింత. ఆఫీసు నుంచి రాగానే చేపల ముందు కుర్చీ వేసుకునే మనిషి, యారాడ బీచినుంచి తెచ్చి తొట్టిలో పెట్టిన నల్లరాయి అందం గురించి వచ్చిన ప్రతివాడికీ చెప్పే మనిషి, ఇప్పుడు తొట్టివైపు చూడకుండా పక్కనుంచి పోతున్నాడు. ఒక్కమాట అనడు, తిట్టడు. ఈ బాబు నన్నెందుకు తిట్టటం లేదు? సీతాలు బుర్రలో అదే తొలిచింది.

తొట్టి బాగుచెయ్యడానికి, పడవచెక్కల సందుల్లో పీచు కూరి తారులాంటి కీలు పూసే తన తమ్ముడు తాతబాబుని తీసుకొస్తానంది సీతాలు. దారిలో వాడు గొంతు తగ్గించి అడిగాడు. "నిజం సెప్పప్పా. సీపురు తగిలిందా?"

సొంత తమ్ముడే అలా అడిగేసరికి ఆమెకి తన చేతిమీదే అనుమానం పుట్టింది. తగిలిందేమో! చూసుకోలేదేమో!

చేపల్ని బకెట్లోకి మార్చారు. ఇనపచట్రంలో అద్దాలు నిలబెట్టి, సందులకి లప్పం పెట్టి చేసిన తొట్టి అది. తాతబాబు బయట అంచులకంతా కీలు పట్టించాడు. నీళ్ళు నింపితే మర్నాడు మళ్ళీ గచ్చు తడి.

"మీ పడవలు కూడా ఇలాగే తేల్తాయేటిరా?" అంది గౌరీశ్వరి.

తాతబాబు చేపల్నీ నీళ్ళనీ మళ్ళీ బకెట్లలోకి తోడేసి బుర్ర గోక్కున్నాడు. "పడవకి నీళ్ళు బైటుంటాయి కదమ్మా, బైటే పూత్తాం. దీనికి లోపలున్నాయి. ఎదవ బుర్ర, తట్టనేదు. లోపల్నించి ఎట్టాలి. రాయి తీసేత్తాను."

"రాయి కదపకు!" గురునాథరావు చటుక్కున లేచాడు. "దాని చుట్టూ పెట్టెయ్, చాలు."

గుమ్మం అవతల నిలబడ్డ సీతాలు ఆ ఇంట్లో మొదటిసారి ఎదురు ప్రశ్న వేసింది. "ఏం బాబూ? రాయి కింద ఏటుంది?"

తాతబాబు అప్పటికే రెండు చేతులా రాయి ఎత్తేశాడు. దాని వెనక మూల లప్పం పెచ్చు లేచిపోయి, రాయి కొన దిగినంత గుంట ఉంది. వాడు వేలు పెట్టి చూశాడు. "ఇది లోపల తగిలిన దెబ్బమ్మా. సీపురు నీళ్ళలో ఎలా దూరతాది?"

నీళ్ళలో చెయ్యి పెట్టే హక్కు ఆ ఇంట్లో ఎవరికుందో, ఎవరికి లేదో గౌరీశ్వరికి ఒకరు చెప్పాలా? మొగుడివైపు తిరిగింది.

"ఆదివారం సర్దుతుంటే కొంచెం చెయ్యి జారింది," అని ఆయన గొణిగాడు. "ఇంత కారుతాదనుకున్నానా?"

తాతబాబు పాత లప్పం గీకేసి, కొత్తది లోపలి అంచంతా పట్టించాడు. అది బాగా ఆరాక నీళ్ళు నింపారు. చుక్క కారలేదు. గౌరీశ్వరి సీతాలుని వంటింట్లోకి పిలిచి మెల్లిగా అంది. "పోన్లేవే, మనసులో ఎట్టుకోకు."

"మనసులో ఎట్టుకోనమ్మా. ఈదిలో అన్నమాట వంటింట్లో సెప్తే తాయారమ్మగోరికి ఎలా వినపడతాది? ఆ మెట్లమీదే ఓపాలి సెప్పండి."

"ఇంతోటిదానికి చాటింపెయ్యాలేటే?" గౌరీశ్వరి మొహం ముడుచుకుంది.

చాటింపు వెయ్యలేదు. తాయారు కబురు రాలేదు. తొట్టి కారడం ఆగింది గాని, సీతాలు పేరుమీద పడ్డ మాట ఆగలేదు. ఆ తరవాత ఎన్నాళ్ళైనా, పనికి కొత్త ఇల్లు అడగడానికి వెళితే, "నువ్వేనా ఆ తొట్టి పగలగొట్టింది?" అనేవారు.

అమ్మా, అయ్యా, ఇది చదివి అయ్యో పాపం అనకండి. మీ ఇంట్లో పనిచేసే మనిషి మీద ఎప్పుడైనా నలుగురిలో నింద వేశారా? అది తప్పని తరవాత తెలిసిందా? అయితే ఇవాళే ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళి, "ఆమె చెయ్యలేదు, పొరపాటు మాది" అని చెప్పండి. చెవిలో కాదు, గొంతెత్తి. తాయారులాంటి వాళ్ళు కూడా, తలుపు వేసేముందు ఆ మనిషినే పిలిచి ఒక్కసారి అడగండి.