సొన్నప్ప అడగని నీళ్ళు

కాటన్‌పేట సందుల్లో పుట్టి పెరిగిన సొన్నప్పకు అడవి అంటే తడి మట్టి, వేడెక్కిన టైరు కలిసిన వాసన. టెంపో ట్రావెలర్ తోలడం ఆయన పని. సెలవు రోజుల్లో మారతహళ్ళి నుంచో వైట్‌ఫీల్డ్ నుంచో సాఫ్ట్‌వేర్ పిల్లల్ని ఎక్కించుకుని బందీపూర్‌కో నాగరహోళెకో వెళతాడు. వాళ్ళు సఫారీ బండెక్కి లోపలికి పోతారు. ఆయన బయటే, బండ్లు ఆపే చోట సీటు వెనక్కి వాల్చుకుని ఎదురుచూస్తుంటాడు. చెట్ల మీంచి జారిన మంచు అద్దం మీద వాలి కరిగిపోతుంటుంది. ఇన్నేళ్ళలో అడవి ఆయనకు అంతవరకే తెలుసు.

భార్య పుష్పావతి దెప్పుతుంటుంది. "ఎప్పుడు చూసినా అడవికి పోతా ఉండానంటావు. కుందేలు ఫోటో అన్నా తెచ్చినావా? నిజంగా అడవికేనా పొయ్యేది?"

"నాకు పులి కనపడకుంటేనే మేలు. ఎక్కిచ్చుకొని పోయినోళ్ళనంతా వాళ్ళ ఇండ్లకాడ దించితే నా పని అయిపాయ."

అది ఊరికే అన్న మాట కాదు. ఎవరి పిల్లలో తన వెనక సీట్లలో తలలు వాల్చి నిద్రపోతుంటే, ఆ నిద్రంతా తన చేతుల్లో పెట్టినట్టు స్టీరింగు పట్టుకుంటాడు.

మొన్నటి వానాకాలం బందీపూర్ నుంచి తిరిగొస్తుండగా, ఇంకా అడవి దాటకముందే వెనక చక్రం పంక్చరైంది.

"ఎవురూ దిగద్దండప్పా. ఏనుగులు తిరిగే జాగా ఇది" అని చెప్పి, వెనక వచ్చే బండ్లకు తెలిసేలా రోడ్డు మీద కొమ్మలు పరచడానికి సొన్నప్ప కాస్త దూరం నడిచాడు.

కొమ్మలు పరిచి తలెత్తేసరికి హరిణి దిగి ఉంది. గుంటూరు నుంచి ఉద్యోగానికని కొత్తగా వచ్చిన పిల్ల. రోడ్డు పక్క మేస్తున్న జింకల వైపు ఫోను ఎత్తి పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది. ఆమెకు ఎదురుగా, పొదల్లో, ఒక చెవి కదిలింది. గాలికి ఆకు ఊగిందనుకునేంత మెల్లగా.

సొన్నప్ప నోరు ఎండిపోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడిన నోరు అది. భయంలో ఏది ముందు వస్తుందో దానికే తెలియదు.

"నిల్లమ్మా! నిల్లు, నిల్లు!"

కన్నడంలో ఆగమని. హరిణి వెనక్కి తిరిగి చూసింది. పెద్దాయన చేతులు ఊపుతున్నాడు. ముఖమంతా చెమట. ఆమె ఫోను జేబులో వేసుకుని, ఒక్క పరుగున బండి దగ్గరికొచ్చి లోపలికి ఎక్కేసింది.

అంతలో పొదలు విచ్చుకుని ఏనుగు బయటికొచ్చింది. దాని కాళ్ళ సందున పిల్ల ఏనుగు. ఇప్పటిదాకా హరిణి నిలబడ్డ గడ్డిని తొండంతో ఒకసారి తడిమి, నీడ జరిగినంత నెమ్మదిగా రోడ్డు దాటింది. అవతల ఆకులు మళ్ళీ కలిసిపోయాయి.

చెట్టు చాటున కూలబడిన సొన్నప్ప లేచి, తడబడుతూ బండి దగ్గరికొచ్చాడు. కిటికీలోంచి నీళ్ళ సీసా బయటికొచ్చింది.

"తీసుకోండి అంకుల్. తెద్దామనుకునేలోపు ఏనుగు అడ్డమొచ్చింది. సారీ."

"నేను నీళ్ళు అడిగితినా?"

"నీళ్ళమ్మా, నీళ్ళు నీళ్ళు అని అరిచారుగా. కళ్ళు తిరుగుతున్నాయేమో అని టెన్షన్ పడ్డాను."

సొన్నప్పకు అప్పుడు విషయం అర్థమైంది. ఆమెకు తన మాట సరిగ్గా తెలిసి ఉంటే అక్కడే నిలబడిపోయేది. సీసా ఎత్తి, ఆపకుండా తాగాడు. గొంతులోంచి గుండె దాకా చల్లగా దిగింది.

"నేను చెప్పింది ఆగమని, పాపా" అన్నాడు మూతి తుడుచుకుంటూ.

హరిణి ఆ గడ్డి వైపు చూసి, కళ్ళు గట్టిగా మూసుకుంది.

వెనక సీట్లోంచి ఆమె ఆఫీసు స్నేహితుడు చైతు మెల్లగా అన్నాడు. "తల్లీ, నువ్వు మాత్రం కన్నడ క్లాసుల్లో చేరొద్దే."

ముందుగా హరిణే నవ్వింది, ఏడుస్తూ.

సొన్నప్ప స్టెప్నీ దించి చక్రం మార్చడానికి కూర్చున్నాడు. ఒక నట్టు బిగించేలోపే నవ్వు పొట్టలోంచి పొంగుకొచ్చింది. స్పానరు జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. కళ్ళలో నీళ్ళు తిరిగి నట్టు కనిపించడం లేదు.

"ఇటివ్వండి అంకుల్" అంటూ చైతు దిగొచ్చి, పక్కన కూర్చున్నాడు.