రెండో ఇంటిపేరు

గుదైబియాలో బస్సెక్కితే పక్క సీటులో ఒక నడివయసామె. పుట్టిపెరిగింది బహ్రెయిన్‌లోనే, ఇంట్లో మాత్రం స్పానిష్ మాట్లాడేవాళ్లట. వాళ్లలో పిల్లలకు తండ్రి ఇంటిపేరు పక్కనే తల్లి ఇంటిపేరూ రాస్తారు. బడిలో టీచరు, ఇంత తోకెందుకని, ఆ రెండోదాన్ని అందరి ముందూ ఎర్ర సిరాతో కొట్టేసిందట.

“ఇప్పుడు ఆ బడి ఆఫీసులో నేనే కూర్చుంటా భాయ్,” అంది హిందీలో. “ఆ టీచరు మనవరాలి అడ్మిషన్ ఫారం మూడుసార్లు తిప్పి పంపా. చివరికి తనే వచ్చింది. బల్లమీదున్న నా పేరు మొత్తం చదివితేనే తీసుకుంటానన్నా.”

“చదివిందా?”

“అమ్మ ఇంటిపేరు దగ్గర ఆగింది. మళ్లీ మొదటినుంచి చదివించా.”

మా సూపర్‌వైజర్ నా పేరుకు నోరు తిరగక మూడేళ్లుగా ‘రాజు’ అనే పిలుస్తున్నాడు. మర్నాడు హాజరులో రాజును నాలుగుసార్లు పిలిచాడు. ఐదోసారి నా ముందుకొచ్చి నిలబడ్డాడు. జేబులోంచి నా కార్డు తీసి, చదవమన్నాను.