గడప మీద ఖాలా సంచి

మా గల్లీ ఖాలా పోయింది. పొద్దున పాలు పోసే ఆయన వచ్చి చెబితే నేను నమ్మలేదు. ముందు రోజు సాయంత్రమే మా ఇంటికొచ్చి, చాయ్‌లో చక్కెర తక్కువైందని నన్ను తిట్టిపోయిన మనిషి.

వాళ్లింట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. అయినా పెద్దపల్లిలో మా గల్లీ అంతటికీ ఆమె ఖాలానే, అంటే చిన్నమ్మ. శుక్రవారం నమాజుకు ముందు బియ్యం సంచితో బయలుదేరేది. ఆ సంచి కోసం మేం వండిన ప్రతిసారీ పిడికెడు బియ్యం పక్కన తీసిపెట్టేవాళ్లం. ఖాలా సంచిని గడప మీద పెట్టి, మూతి విప్పి, వీధివైపు తిరిగి నిలబడేది. ఉన్నవాళ్లు వేసేవారు. లేనివాళ్లు అందులోంచే తీసుకునేవారు. బియ్యం చప్పుడు ఆగాక, ఎవరేం చేశారో చూడకుండా సంచి ఎత్తుకుని పక్కింటికి పోయేది.

ఒక్కసారైనా తిరిగి చూడాలనిపించదా అని అడిగాను.

"ఇచ్చినోళ్ల మొఖం చూస్తే ఇయ్యనోళ్ల మొఖం గూడ యాదికుంటది బిడ్డా. మల్ల వాళ్లతోని మంచిగ మాట్లాడగల్గుతనా?" అన్నది.

చివరికి తన ఇంటి ముందూ అదే తంతు. భర్త పోయి, పిల్లలు లేక ఒక్కతే ఉండేది. తాళం వేసిన తన గడప మీదే సంచి పెట్టి, వీపు తిప్పి నిలబడేది. లోపల ఎవరున్నారని మేం నవ్వేవాళ్లం.

"ఉన్నరో లేరో మనకెందుకు? జర ఆగుదాం" అనేది. నాకు నవ్వు సగంలోనే ఆగిపోయేది.

ఆమెను సాగనంపాక ఆడవాళ్లం అరుగు మీద కూర్చున్నాం. సంచి ఆగితే ఏ ఇంట్లో పొయ్యి వెలగదో ఎవరికీ తెలియదు. ఖాలాకే తెలియదు. ఆ ఇంటివాళ్లు మా మధ్యే కూర్చుని ఉండవచ్చు, నోరు విప్పి అడగరు. అది తట్టాక ఒకరి మొఖం ఒకరం చూసుకోలేకపోయాం.

శుక్రవారం సంచి నేను పట్టాను. ప్రతి గడప దగ్గరా వీపు తిప్పాను. వెనక తలుపు కిర్రుమనేది, గాజులు కదిలేవి, బియ్యం గలగలమనేవి. పడుతున్నాయో, పోతున్నాయో చెవికి అందదు. మెడ మీద చలి పుట్టింది. ఇన్నేళ్లు ఖాలా ఎలా ఓర్చుకుందో.

ఆఖరుకు ఖాలా ఇల్లు. తాళం వేసింది నేనే, తాళంచెవి నా కొంగుకే ఉంది. దాటి పోదామనుకుని కూడా పోలేకపోయాను. సంచి పెట్టి, మూతి విప్పి, వీధివైపు తిరిగాను.

వెనక బియ్యం గలగలమన్నాయి.

భయమేసింది. భయం వెంటే ఖాలా మీద బెంగా వచ్చింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, ఆ చప్పుడు ఆగేదాకా నిలబడ్డాను. తిరిగి చూడలేదు.